మోడల్ పడవకు ట్రాన్స్‌మిటర్, రిసీవర్ ఎంచుకోవడం ఎలా?

సిగ్నల్ తెగితే ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) కారు ఏ గోడకో తగిలి ఆగుతుంది, నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు. పడవ అలా దొరకదు. చెరువు మధ్యలో మోటారు ఫుల్లులో ఉన్నప్పుడు లింకు పోతే అవతలి గట్టు రాళ్లకు కొట్టుకునేదాకా పోతూనే ఉంటుంది. లేదంటే గుర్రపు డెక్కలోకి దూరి, ప్రొపెల్లర్‌కు వేళ్లు చుట్టుకుని అక్కడే నిలిచిపోతుంది. అందుకని పడవకు రేడియో సెట్టు (చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటర్, పడవలో ఉండే రిసీవర్) కొనేవాళ్లు ఎన్ని ఛానళ్లు, ఎంత రేంజి అన్న లెక్కలతో మొదలుపెట్టకూడదు. సిగ్నల్ పోయిన క్షణంలో ఈ రిసీవర్ ఏం చేస్తుంది? మొదట అడగాల్సింది ఇది. దీన్నే ఫెయిల్‌సేఫ్ అంటారు. మనం ముందే చెప్పిపెట్టిన స్థానానికి మోటారును తెచ్చి ఆపేదే మంచి రిసీవర్. చివరిగా అందిన ఆదేశాన్నే పట్టుకుని కూర్చునే రిసీవర్ ఎంత చవకైనా పడవకు పనికిరాదు.

రేంజి గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. పెట్టె మీద 500 మీటర్లు, కిలోమీటరు అని వేస్తారు. 70 సెంటీమీటర్ల పడవ 100 మీటర్ల దూరం పోయిందంటే దాని ముక్కు మనవైపుందో అటువైపుందో కంటికి ఆనదు. కనపడని పడవను నడపలేం కాబట్టి ఆ పై రేంజితో పని లేదు. అయితే పెట్టె మీద రాసే దూరం గాలిలో ఎగిరే విమానానికి లెక్క కట్టింది. నీటికి బెత్తెడు ఎత్తులో ఉండే యాంటెన్నాకు అందులో కొంతే మిగులుతుంది. ఆ మిగిలింది కూడా యాంటెన్నాను ఎక్కడ పెట్టామన్నదాని మీద ఆధారపడుతుంది. ఆ సంగతి కింద వివరంగా ఉంది.

ఎన్ని ఛానళ్లు కావాలి?

పడవలో విడివిడిగా కదలాల్సినవి ఎన్నో అన్ని ఛానళ్లు. ఒక మోటారు, ఒక చుక్కాని ఉంటే రెండు. తెరచాప పడవకూ రెండే: చుక్కానికి ఒకటి, చాప తాడును బిగించి వదిలే సర్వోకు (చెప్పినంత మేరకే తిరిగే చిన్న మోటారు) ఒకటి. రెండు ప్రొపెల్లర్ల టగ్ బోటులో మోటార్లను వేరువేరుగా తిప్పాలంటే చుక్కానితో కలిపి మూడు. లైట్లు, హారన్, నీళ్లు చిమ్మే పంపు పెట్టాలనుకుంటే ఐదారు అవుతాయి.

ఇప్పుడు రెండు చాలన్నా ఆరు ఛానళ్ల సెట్టే తీసుకోవడం మేలు. కారణం ఛానళ్ల సంఖ్య కాదు. రెండు ఛానళ్ల చవక సెట్లలో చాలావాటికి స్క్రీను ఉండదు, ఎండ్ పాయింట్లు (సర్వో ఎంతదాకా తిరగాలో పెట్టే హద్దులు) ఉండవు, మిక్సింగ్ (ఒక స్టిక్కుతో రెండు ఛానళ్లను కలిపి నడపడం) ఉండదు, ఫెయిల్‌సేఫ్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. మన దగ్గర సులువుగా దొరికే ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 లాంటి సెట్టులో ఇవన్నీ ఉన్నాయి. పడవ మారినప్పుడు అదే ట్రాన్స్‌మిటర్‌లో ఇంకో మోడల్ మెమరీ పెట్టుకుంటే సరిపోతుంది.

రెండు మోటార్లతో, చుక్కాని లేకుండా తిరిగే పడవకు ఐ6లో ఎలివాన్ మిక్స్ (ఛానల్ 1, 2లను కలిపే అమరిక) ఆన్ చేసి, ఒక ఈఎస్‌సీని (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం) ఛానల్ 1లో, రెండోదాన్ని ఛానల్ 2లో పెట్టాలి. కుడి స్టిక్కును ముందుకు తోస్తే రెండు మోటార్లూ తిరుగుతాయి, పక్కకు వంచితే ఒకటి పెరిగి ఒకటి తగ్గుతుంది. పడవ తిరగాల్సిన వైపుకు ఎదురు వైపు తిరిగితే రివర్స్ మెనూలో ఒక ఛానల్‌ను తిప్పాలి, లేదా ఛానల్ 1, 2 వైర్లను అటూఇటూ మార్చాలి.

స్టిక్కా, పిస్టలా?

వేగంగా దూసుకుపోయే రేసు పడవకు పిస్టల్ రకం ట్రాన్స్‌మిటర్ బాగుంటుంది. వేలితో ట్రిగ్గర్, రెండో చేత్తో చక్రం. ట్రిగ్గర్ వదిలితే దానంతట అదే మధ్యకు వస్తుంది. టగ్గులు, ఫిషింగ్ ట్రాలర్లు, యుద్ధనౌకల నమూనాలు, తెరచాప పడవలకు మాత్రం స్టిక్కులదే సుఖం. టగ్గును జెట్టీకి ఆనించేటప్పుడు పావు వంతు వేగం మీద పది సెకన్లు నిలపాలి. ట్రిగ్గర్ మీద వేలు అంతసేపు అలా నిలవదు.

స్టిక్కు సెట్టుతో ఒక చిక్కు ఉంది. ఇవి విమానాల కోసం చేసినవి. మోడ్ 2లో (థ్రాటిల్, అంటే వేగం, ఎడమ స్టిక్కు మీద ఉండే అమరిక) ఎడమవైపు థ్రాటిల్ స్టిక్కుకు స్ప్రింగు ఉండదు, ఎక్కడ వదిలితే అక్కడే నిలుస్తుంది. వెనక్కి కూడా తిరిగే పడవ ఈఎస్‌సీకి మధ్యస్థానమే ఆగే చోటు. స్ప్రింగు లేని స్టిక్కుతో ఆ మధ్యస్థానం చేతికి తెలియదు. ట్రాన్స్‌మిటర్ విప్పి స్ప్రింగు, లివర్ బిగించేవాళ్లు ఉన్నారు. కానీ ఐ6 ఆన్ చేసినప్పుడల్లా థ్రాటిల్ కింద ఉందా, స్విచ్చులన్నీ పైకి ఉన్నాయా అని చూస్తుంది, లేకపోతే హెచ్చరిక చూపి ముందుకు కదలదు. స్ప్రింగు బిగించాక ప్రతిసారీ స్టిక్కును కిందికి నొక్కిపట్టి ఆన్ చేయాలి.

దీనికి విప్పే పని లేని దారి ఉంది. మోటారు ఈఎస్‌సీని ఛానల్ 3లో కాకుండా ఛానల్ 2లో పెట్టండి. అది కుడి స్టిక్కు నిలువు కదలిక, దానికి స్ప్రింగు ముందే ఉంది. చుక్కానిని ఛానల్ 4లో పెడితే ఎడమ చేతికి చుక్కాని, కుడి చేతికి మోటారు వస్తాయి. ఛానల్ 1లో పెడితే రెండూ కుడిచేతికే వస్తాయి. తెరచాప పడవకు మాత్రం స్ప్రింగు లేని ఛానల్ 3 అచ్చంగా సరిపోతుంది. చాపను సగం వదిలి అలాగే ఉంచాల్సిన అవసరం అడుగడుగునా వస్తుంది, ఆ స్టిక్కు అలాగే నిలుస్తుంది.

రిసీవర్ కొనేముందు ఏం చూడాలి?

మొదటిది ప్రోటోకాల్, అంటే ట్రాన్స్‌మిటర్, రిసీవర్ మాట్లాడుకునే భాష. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ అయినంత మాత్రాన ఒకదాని మాట ఇంకోదానికి అర్థం కాదు. ఫ్లైస్కై ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ ట్రాన్స్‌మిటర్‌కు అదే పేరున్న రిసీవర్ కావాలి. స్పెక్ట్రమ్ డీఎస్‌ఎమ్ఎక్స్, ఫుటాబా ఎస్-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్, ఫ్రస్కై, ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్, ఇవన్నీ దేనికదే. ఒకే కంపెనీలోనూ పాత తరం, కొత్త తరం కలవకపోవచ్చు. ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ, ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 3 అలాంటివే.

రెండోది పిన్నులు. సర్వో, ఈఎస్‌సీల మూడు వైర్ల ప్లగ్గు నేరుగా దిగే పిన్నుల వరుసలు రిసీవర్ మీద ఉండాలి. వీటినే పీడబ్ల్యూఎం అవుట్‌పుట్లు అంటారు. గోరంత సైజులో అమ్మే డ్రోన్ రిసీవర్లలో చాలావాటికి ఒక్క సీరియల్ అవుట్‌పుటే ఉంటుంది. ఫ్లైస్కై ఏ8ఎస్ అలాంటిదే. బొమ్మలో చిన్నగా ముద్దుగా ఉందని తెప్పించుకుంటే చుక్కాని సర్వో పెట్టడానికి చోటుండదు. ఐ6కు ఐఏ6బి రిసీవర్ సరిజోడు. ఆరు వరుసల పిన్నులు, రెండు యాంటెన్నాలు ఉంటాయి, తన దగ్గరికి వస్తున్న వోల్టేజీని ట్రాన్స్‌మిటర్ స్క్రీను మీద చూపిస్తుంది. పడవలో కరెంటు ఎక్కడ కుంగుతోందో పట్టుకోవడానికి ఆ ఒక్క అంకె ఎంతో పనికొస్తుంది.

మూడోది వోల్టేజీ. ఐఏ6బి పాత ప్రతుల మీద 4.0 నుంచి 6.5 వోల్టులని రాసి ఉంటుంది. రెండు సెల్స్ లైపో బ్యాటరీ నిండుగా ఉంటే 8.4 వోల్టులు. దాన్ని నేరుగా రిసీవర్‌కు తగిలిస్తే రిసీవర్ పోవచ్చు, చవక సర్వోలూ దాంతోపాటే పోతాయి. రిసీవర్ ఒంటి మీద అచ్చువేసిన అంకె చదివాకే ఏదైనా తగిలించాలి.

ఫ్రీక్వెన్సీ విషయంలో ఆలోచించాల్సింది తక్కువే. మన దేశంలో 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ బ్యాండును తక్కువ పవరు పరికరాలకు 2005లోనే లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. ఒకే గట్టు మీద పదిమంది నడిపినా ఒకరి పడవ ఇంకొకరి మాట వినదు. ఎన్‌సీసీ నేవల్ వింగ్ షిప్ మోడలింగ్ లాంటి పోటీల్లో ఇది పెద్ద సౌకర్యం. పాత సెట్లకు క్రిస్టల్ (ఫ్రీక్వెన్సీని నిర్ణయించే ముక్క) నంబర్లు పంచుకుని, నీ వంతు నా వంతు అనుకోవాల్సి వచ్చేది. బ్రిటన్‌లో పడవలకు 27, 40 మెగాహెర్ట్జ్, అమెరికాలో 75 మెగాహెర్ట్జ్ ఆ కాలం బ్యాండ్లు. ఇప్పటికీ వాటి అవసరం ఉన్నది జలాంతర్గామి నమూనాలకే. 2.4 గిగాహెర్ట్జ్ నీటిలోకి దిగదు. మైక్రోవేవ్ ఓవెన్ వాడేదీ ఈ ఫ్రీక్వెన్సీనే, దీన్ని నీరు అంత బాగా పీల్చుకుంటుంది. కొన్ని సెంటీమీటర్ల మంచినీళ్లు అడ్డం వస్తేనే సిగ్నల్ చచ్చిపోతుంది. ఉప్పునీటిలోనైతే పాత బ్యాండ్లు కూడా లోపలికి వెళ్లవు.

కరెంటు లెక్క

పడవలో రేడియో పనిచేయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం రేడియో కాదు, రిసీవర్‌కు అందే కరెంటు. ఈఎస్‌సీలో ఉండే బీఈసీ పెద్ద బ్యాటరీ నుంచి 5 లేదా 6 వోల్టులు తీసి రిసీవర్‌కు, దాని ద్వారా సర్వోకు ఇస్తుంది. చవక బ్రష్డ్ (బ్రష్‌లున్న మామూలు మోటారుకు వాడే) ఈఎస్‌సీల్లో ఈ బీఈసీ ఒకటి రెండు ఆంపియర్ల కంటే ఇవ్వదు. ఎస్‌జీ90 లాంటి చిన్న సర్వో బిగుసుకుపోతే ముప్పావు ఆంపియరు దాకా లాగుతుంది, పర్వాలేదు. ఎమ్‌జీ996ఆర్ బిగుసుకుంటే 6 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపియర్లు అడుగుతుంది. ఒక ఆంపియరు బీఈసీ అక్కడ కుంగిపోతుంది, రిసీవర్ ఆరి మళ్లీ వెలుగుతుంది, గట్టు మీద ఉన్నవాళ్లకు సిగ్నల్ పోయినట్టు కనిపిస్తుంది. 70 సెంటీమీటర్ల టగ్గు చుక్కానికి ఎస్‌3003 లాంటి మామూలు స్టాండర్డ్ సర్వో చాలు. పెద్ద సర్వో పెడితే పడవ బాగా తిరుగుతుందనుకోకండి.

12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ పెట్టే టగ్గుల్లో ఇంకో ప్రమాదం ఉంది. లీనియర్ రకం బీఈసీ 12లోంచి 5 వోల్టులు ఇచ్చి, మిగతా 7 వోల్టులను వేడిగా మారుస్తుంది. ఒక ఆంపియరు పారితే 7 వాట్ల వేడి, అదీ గాలి ఆడని పడవ కడుపులో. అలాంటి చోట 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే స్విచింగ్ యూబీఈసీని (అంతగా వేడెక్కని విడి బీఈసీ) విడిగా పెట్టండి.

విడి యూబీఈసీ పెట్టినప్పుడు ఈఎస్‌సీ ప్లగ్గులో ఎర్ర వైరు తీసేయాలి. రెండు ఈఎస్‌సీలుండి విడి యూబీఈసీ లేకపోతే ఒకదాని ఎర్ర వైరు తీసి, రెండోదాన్ని ఉంచాలి. రెండు బీఈసీలు ఒకే రిసీవర్‌కు కరెంటు తోస్తే ఒకదానితో ఒకటి పోట్లాడి ఒకటి కాలిపోవచ్చు. వైరు కోయనక్కర్లేదు. ప్లగ్గు పక్కన, ఎర్ర వైరు ఎదురుగా సన్నటి ప్లాస్టిక్ నాలుక కనిపిస్తుంది. గుండుసూదితో దాన్ని పైకి లేపి వైరును మెల్లగా లాగితే పిన్నుతో సహా ఊడి వస్తుంది. దానికి హీట్‌ష్రింక్ తొడిగి, వెనక్కి మడిచి టేపు వేయండి. రేపు అవసరమైతే మళ్లీ అదే కన్నంలోకి తోయొచ్చు.

బ్రష్డ్ మోటారుకు మూడు 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు టంకం పెట్టడం మరవద్దు. వాటి మీద 104 అని ఉంటుంది. రెండు టెర్మినళ్ల మధ్య ఒకటి, ఒక్కో టెర్మినల్ నుంచి మోటారు డబ్బాకు ఒక్కోటి. డబ్బా మీద పెయింటు గీకి, లోహం మెరిశాకే టంకం పట్టాలి. 2.4 గిగాహెర్ట్జ్‌కు మోటారు రొద అంటదని కొందరు వదిలేస్తారు. గాలిలో అంటకపోయినా వైర్ల వెంట వచ్చి సర్వోలను వణికిస్తుంది.

యాంటెన్నా ఎక్కడ పెట్టాలి?

రిసీవర్ నుంచి వచ్చే తీగ అంతా యాంటెన్నా కాదు. సన్నటి కోయాక్సియల్ తీగ చివర కవచం తీసేసిన 3 సెంటీమీటర్ల ముక్క మాత్రమే అసలు యాంటెన్నా. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు ఈ ముక్క. దాన్ని కోయకూడదు, మడవకూడదు, పొడవు పెంచకూడదు. అది నీటి మట్టానికి పైన, వీలైనంత ఎత్తులో, చుట్టూ లోహం గాని కార్బన్ ఫైబర్ గాని లేకుండా నిలబడాలి. ఫైబర్‌గ్లాస్, ప్లాస్టిక్, పొడి చెక్క అడ్డం కావు. 1898లో న్యూయార్క్‌లో టెస్లా చూపించిన తొలి రేడియో పడవ మీద కూడా యాంటెన్నా కడ్డీలు డెక్కు పైకే నిలబడి ఉంటాయి.

చేయడం తేలికే. జ్యూస్ తాగే ప్లాస్టిక్ స్ట్రా ముక్కను డెక్కు మీద కేబిన్ లోపల నిలువుగా అంటించి, పై కొసను గ్లూగన్ జిగురుతో మూసి, కింద నుంచి యాంటెన్నా దూర్చండి. రెండో యాంటెన్నాను కేబిన్ కప్పు కింద అడ్డంగా, మొదటిదానికి లంబంగా పెట్టండి. పడవ ఎటు తిరిగినా ఒకటి కాకపోతే ఒకటి సిగ్నల్ అందుకుంటుంది. రిసీవర్‌ను పడవ లోపల అడుగున కాకుండా పక్క గోడకు పైభాగంలో వెల్‌క్రోతో అంటించండి. కారిన నీరు చేరేది అడుగుకే. బెలూన్‌లో పెట్టి మూతి కట్టేవాళ్లు ఉన్నారు గానీ, ఎండలో నడిపి నీడలో పెట్టేసరికి లోపల చెమ్మ పడుతుంది. రబ్బరు అంచు మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇంతకంటే మంచిది, ఇంటికొచ్చాక మూత తీసి ఆరబెట్టొచ్చు.

నడిపేటప్పుడు ట్రాన్స్‌మిటర్ యాంటెన్నా కొసను పడవ వైపు గురిపెట్టకండి. కొస దిశలోనే సిగ్నల్ అన్నిటికంటే తక్కువ. నీటి అంచున కూర్చోవడం కంటే గట్టు మీద నిలబడి, ఛాతీ ఎత్తులో పట్టుకుని నడపాలి.

బైండింగ్, ఫెయిల్‌సేఫ్

బైండింగ్ అంటే ట్రాన్స్‌మిటర్‌ను, రిసీవర్‌ను జత కలపడం. ఐ6, ఐఏ6బి జతకు వరుస ఇది. ప్రొపెల్లర్‌కు ఏదీ తగలకుండా పడవను స్టాండు మీద పెట్టండి. బైండ్ ప్లగ్గును రిసీవర్ మీద బైండ్ అని ఉన్న వరుసలో పెట్టి, వేరే ఏ ఛానల్‌లో నుంచైనా కరెంటు ఇవ్వండి. రిసీవర్ లైటు గబగబా మెరుస్తుంది. మీటరు దూరంలో ట్రాన్స్‌మిటర్ బైండ్ బటన్ నొక్కిపట్టి ఆన్ చేయండి. మెరుపు నెమ్మదించాక బైండ్ ప్లగ్గు తీసి, రెండూ ఆపి, మొదట ట్రాన్స్‌మిటర్, తర్వాత పడవ ఆన్ చేస్తే లైటు నిలకడగా వెలుగుతుంది. ఎప్పుడూ ఇదే వరుస. ఆపేటప్పుడు మాత్రం ముందు పడవ, ఆ తర్వాతే ట్రాన్స్‌మిటర్.

ఫెయిల్‌సేఫ్‌కు ఓకే బటన్ ఎక్కువసేపు నొక్కి సిస్టమ్, అందులో ఆర్‌ఎక్స్ సెటప్, అందులో ఫెయిల్‌సేఫ్‌కు వెళ్లండి. మోటారు ఛానల్ ఎంచుకుని ఆఫ్‌ను ఆన్ చేసి, స్టిక్కును మధ్యలో వదిలేసి, క్యాన్సిల్ బటన్‌ను ఎక్కువసేపు నొక్కితేనే భద్రమవుతుంది. ఊరికే నొక్కి బయటికొస్తే ఏమీ మారదు. జాబితాలో ఆ ఛానల్ ఎదురుగా సున్నా శాతం కనిపించాలి. తెరచాప పడవకు చాప పూర్తిగా వదిలే స్థానం పెట్టండి, పడవ వేగం పోయి గాలివాటున మెల్లగా ఒడ్డుకు చేరుతుంది. కొన్ని కంపెనీల రిసీవర్లు బైండ్ చేసే క్షణంలో స్టిక్కు ఎక్కడుంటే దాన్నే ఫెయిల్‌సేఫ్‌గా గుర్తుపెట్టుకుంటాయి. వాటిని థ్రాటిల్ మధ్యలో పెట్టే బైండ్ చేయాలి.

పరీక్ష లేకుండా నీళ్లలో వదలొద్దు. పడవ స్టాండు మీద ఉండగానే మోటారును సగం వేగంలో తిప్పుతూ ట్రాన్స్‌మిటర్ ఆపేయండి. ఒకటి రెండు సెకన్లలో మోటారు ఆగాలి. ఆగలేదంటే ఆ రోజుకు నీళ్లు మానేసి మెనూలోకి మళ్లీ వెళ్లండి.

కారు కోసం చేసిన ఈఎస్‌సీ వాడుతుంటే ఒకటి చూసుకోండి. స్టిక్కును మొదటిసారి వెనక్కి లాగితే బ్రేకు, రెండోసారి లాగితేనే రివర్సు వచ్చే పద్ధతి పడవకు ఇబ్బంది, జెట్టీ ముందు ఆ అర క్షణం చాలు గుద్దుకోవడానికి. నేరుగా రివర్స్ ఇచ్చే మోడ్ జంపర్‌తో (పిన్నుల మీద పెట్టే చిన్న ప్లగ్గు) మార్చుకునే ఈఎస్‌సీ తీసుకోండి. చుక్కాని సర్వో చివర్లలో గుయ్యిమంటుంటే అది అడ్డానికి తగిలి నెడుతోందని అర్థం. ఎండ్ పాయింట్‌ను 100 నుంచి 80కో 70కో తగ్గించండి. తెరచాప విన్చ్‌కైతే (తాడును డ్రమ్ముకు చుట్టే సర్వో) తాడు కట్టకముందే ఎండ్ పాయింట్లు సరిచూడాలి. 3 సెంటీమీటర్ల డ్రమ్ము ఒక చుట్టుకు దాదాపు 9.4 సెంటీమీటర్ల తాడు లాగుతుంది. 30 సెంటీమీటర్లు కావాలంటే మూడు చుట్లు దాటాలి. ఒక్క చుట్టు ఎక్కువైనా తాడు ఎదురు చుట్టుకుని చిక్కుపడుతుంది.

లింకు పోతోందా, కరెంటు పోతోందా?

రెండూ గట్టు మీంచి ఒకేలా కనిపిస్తాయి, తేడా పట్టుకోవడం కష్టం కాదు. పడవ ఎప్పుడూ అదే దూరంలో, లేదా ఒకే వైపు తిరిగినప్పుడు తడబడితే యాంటెన్నా చోటు మార్చాలి. దూరంతో సంబంధం లేకుండా మోటారు ఒక్కసారిగా పెంచినప్పుడో, నాచు తగిలినప్పుడో ఆగి, కాసేపటికి మళ్లీ లేస్తే రిసీవర్‌కు వోల్టేజీ పడిపోతోంది. స్క్రీను మీద రిసీవర్ వోల్టేజీ చూస్తూ, పడవను బకెట్టులోనో తొట్టిలోనో పట్టుకుని ఫుల్లు ఇవ్వండి. 5 దగ్గర ఉండాల్సిన అంకె 4 వైపు జారుతుంటే బీఈసీ మార్చాల్సిందే. చవక సర్వో ఉన్నప్పుడు రిసీవర్‌లో ఖాళీగా ఉన్న వరుసలో 10 లేదా 16 వోల్టుల 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను ప్లస్, మైనస్ తప్పకుండా పెడితే చిన్న చిన్న కుంగుళ్లు సర్దుకుంటాయి. పెద్దవి సర్దుకోవు.

రిసీవర్ తడిస్తే మొదట బ్యాటరీ పీకేయండి, వెలుగుతోందో లేదో చూద్దామని ఆన్ చేయొద్దు. సముద్రపు నీరో కయ్య నీరో అయితే ముందు మంచినీళ్లతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తీసి, డబ్బా మూత తెరిచి ఒక రోజంతా ఫ్యాను కింద ఉంచండి. మర్నాడు పిన్నుల మొదట్లో ఆకుపచ్చ పొడి కనిపిస్తే దాన్ని టూత్‌బ్రష్‌తో తీశాకే కరెంటు ఇవ్వాలి. ఉప్పునీటిలో ఒకసారి మునిగిన రిసీవర్ బాగా పనిచేస్తున్నా దాన్ని గట్టు దగ్గర తిప్పే చిన్న పడవకు వాడుకోండి, చెరువు మధ్యకు పంపే పడవలో పెట్టకండి.